సర్వీసింగు తర్వాత ఆయిల్ ప్రెషరు తగ్గడం: కారణ నిర్ధారణ

ఇంజను ఆయిల్, ఫిల్టరు మార్పించిన కొద్ది గంటల్లోనో కొద్ది రోజుల్లోనో ఆయిల్ ప్రెషరు గేజి ముల్లు ఎప్పుడూ నిలిచే చోటికంటే కిందికి దిగడం, గేజి లేని బళ్ళలో ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూ ఉండటం ట్రాక్టర్లు, లారీలు, కార్లు అన్నిటిలోనూ వచ్చే ఫిర్యాదే. కృష్ణా తూర్పు డెల్టాలో, విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే జాతీయ రహదారి మీదున్న ఉయ్యూరు వంటి ఊళ్ళలో దీని బరువు ఎక్కువ. వరి, చెరకు, అరటి, మినుము సాగయ్యే ఈ నేలలో జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలినప్పుడు దమ్ముకీ, చలికాలంలో క్రషింగ్ మొదలయ్యాక చెరకు తోలకానికీ ట్రాక్టరే ఆధారం. ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకు తోలే సీజనులో బండి ఒక్క రోజు ఆగినా రైతు మీద, ట్రాలీ యజమాని మీద, కోత కూలీల మీద కూడా ఆ భారం పడుతుంది. అందుకే ముల్లు దిగగానే రెండు తొందరలు పుడతాయి. మెకానిక్ ఏదో పాడుచేశాడని నిర్ణయించి అతని మీదికి వెళ్ళడం ఒకటి, సెన్సారు పోయి ఉంటుందిలే అని బండిని అలాగే నడిపేయడం రెండోది. ఈ రెండిటిలోనూ ఒకే లోపం ఉంది. కొలవకముందే తీర్పు జరిగిపోతోంది. ముందు ఆ రీడింగు నిజమో కాదో తేలాలి. నిజమైతే, ఏ వేడి దగ్గర, ఏ వేగంలో తగ్గుతోందో చూడాలి. కారణం చాలావరకు ఆ తీరులోనే దొరుకుతుంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపును విప్పే ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

గేజి చూపించేది ఏమిటో తెలిస్తే తప్ప ఈ వరుస ఎందుకో అర్థం కాదు. ఆయిల్ పంపు ప్రెషరును పుట్టించదు. అది తిరిగిన ప్రతి చుట్టుకూ ఇంత అని ఆయిల్‌ను ముందుకు నెడుతుంది, అంతే. ఆ ఆయిల్ క్రాంకు బేరింగుల సందుల్లోంచి, క్యాం బుష్షుల్లోంచి బయటపడటానికి ఎంత కష్టపడితే అంత ప్రెషరు నిలుస్తుంది. మోటారు పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎగజిమ్మడంలో ఉన్న సూత్రమే ఇది. బరువును నిజంగా మోసే ఒత్తిడి వేరు. అది బేరింగు లోపలే, షాఫ్టు తిరుగుడు వల్ల పుడుతుంది. 1883లో లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్న బోషాం టవర్ దీన్ని అనుకోకుండా కనిపెట్టాడు. బేరింగు నెత్తిన ఆయిల్ పోయడానికి చేసిన రంధ్రంలోంచి ఆయిల్ లోపలికి పోవలసింది పోయి పైకి ఉబికింది. కార్కు పెడితే ఊడొచ్చింది, కొయ్య బిరడా కొడితే అదీ లేచింది. అక్కడ గేజి బిగించి చూస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. ఆ ఒత్తిడి ఎలా పుడుతుందో 1886లో మాంచెస్టరు ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ సమీకరణాలతో వివరించాడు. మన గేజి మీది నలభై పౌండ్లు, షాఫ్టుకూ బేరింగుకూ మధ్య బరువు మోసే ఆయిల్ పొరకు ఆయిల్ అందుతోందనడానికి గుర్తు మాత్రమే. అందడం ఆగితే పొర తెగుతుంది, ఇనుము మీద లోహం రాసుకుంటుంది, కొన్ని నిమిషాల్లోనే బేరింగు పట్టేస్తుంది.

ఇదే సూత్రం నుంచి ఇంకో ముఖ్యమైన సంగతి వస్తుంది. సందు గుండా కారే ఆయిల్ పరిమాణం ఆ సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఖాళీ రెట్టింపైతే అదే ప్రెషరు దగ్గర ఎనిమిది రెట్ల ఆయిల్ కారుతుంది. ఖాళీ పావు వంతు పెరిగినా చాలు, కారుడు దాదాపు రెండింతలవుతుంది. కొత్త ఇంజనులో ఈ ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్క కాబట్టి, కంటికి కనపడనంత అరుగుదల కూడా ముల్లు మీద కనిపిస్తుంది. ఆయిల్ చిక్కదనం ఇందులో రెండో పాత్ర. మన ట్రాక్టర్లలో ఎక్కువగా వాడే 15డబ్ల్యూ40 ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 110 సెంటీస్టోకులు ఉంటే, 100 డిగ్రీలకు వచ్చేసరికి 14, 15కి పడిపోతుంది. అందుకే చల్లని ఇంజనులో ఏ రీడింగైనా బాగానే కనిపిస్తుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ముల్లు పైకి లేచింది కాబట్టి అంతా సవ్యంగా ఉందని ధైర్యపడటానికి ఆధారం లేదు.

ఉయ్యూరు చుట్టుపక్కల బళ్ళు నడిచే తీరు ఈ లోపాన్ని బయటపెట్టడానికి సరిగ్గా సరిపోతుంది. ఆయిల్ బాగా వేడెక్కి, ఇంజను స్లోలో ఉన్నప్పుడు ప్రెషరు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అప్పుడు ఆయిల్ పలచగా ఉంటుంది, పంపు తిరుగుడూ తక్కువే. చెరకు లోడు లాగి వచ్చిన ట్రాక్టరు ఫ్యాక్టరీ ముందు వరసలో ఇంజను ఆపకుండా నిలబడి, అడుగు అడుగుగా ముందుకు కదిలే సమయం అచ్చంగా ఇదే. పొలం దగ్గర బాగున్న ముల్లు క్యూలో దిగిపోయిందంటే అక్కడేదో కొత్తగా చెడిందని అనుకోనక్కరలేదు. ఉన్న స్థితి అక్కడ కనిపించింది, అంతే. దమ్ములోనూ ఇలాంటిదే జరుగుతుంది. దమ్ము చక్రాలతో బురదలో గంటల తరబడి పూర్తి బరువు మీద తిరిగే ఇంజనుకు రేడియేటరు మీద గడ్డి, పొట్టు పేరుకుంటే ఆయిల్ వేడి 100 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోతుంది. 120 దగ్గర 15డబ్ల్యూ40 చిక్కదనం పది సెంటీస్టోకుల లోపే. దీనికి తోడు, సర్వీసింగు చేయించేది సాధారణంగా సీజను మొదలయ్యే ముందు. ఆయిల్ మార్చిన వారానికే బండి ఏడాదిలోకెల్లా కష్టమైన పనిలో పడుతుంది. ముల్లు దిగడానికి ఆయిల్ మార్పు, బరువు పని రెండూ ఒకేసారి తోడైనప్పుడు నింద ఆయిల్ మార్చిన చేతి మీదికే పోతుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన రెండోదానికి మొదటిదే కారణమని చెప్పలేం.

అలాగని సర్వీసింగును పూర్తిగా వదిలేయడమూ సరికాదు. అప్పుడు చేసిన పనుల్లో ప్రెషరును నిజంగా తగ్గించగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సంపు విప్పకుండానే తేలిపోతాయి. అన్నిటికన్నా ముందు డిప్‌స్టిక్. డెల్టాలో దీనికి ఒక చిక్కు ఉంది. బండిని కాలవ గట్టు మీదనో రోడ్డు మార్జిన్‌లోనో ఒక పక్కకు ఒరిగేలా నిలబెట్టి ఆయిల్ దింపితే పాత ఆయిల్ కొంత సంపులోనే మిగులుతుంది. కంపెనీ పుస్తకంలో రాసినంత కొలిచి పోస్తే మట్టం గీత దాటిపోతుంది. ఒరిగిన బండిలో డిప్‌స్టిక్ కూడా తప్పే చెబుతుంది. మట్టం ఎక్కువైతే క్రాంకు వెబ్బులు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, ఆ నురగను పంపు పీలుస్తుంది, గాలి నలిగిపోతుంది కాబట్టి ప్రెషరు నిలవదు. ఎక్కువ పోస్తే మంచిదేగా అన్న నమ్మకం ఇక్కడ దెబ్బతింటుంది. తక్కువ పోయడానికి మామూలు కారణం ఫిల్టరులో పట్టే ఆయిల్‌ను లెక్కలో వేయకపోవడం. పోసి, ఇంజను ఒకసారి తిప్పి, ఆపి, అయిదు పది నిమిషాలాగి, చదునైన సిమెంటు నేల మీద మళ్ళీ చూసిన మట్టమే లెక్కలోకి వస్తుంది.

ఫిల్టరు దగ్గర జరిగే పొరపాట్లు అంతకంటే సూక్ష్మమైనవి. పాత ఫిల్టరు విప్పేటప్పుడు దాని రబ్బరు రింగు ఇంజను ముఖానికే అతుక్కుని ఉండిపోతుంది. కొత్త ఫిల్టరు దాని రింగుతో వచ్చి దాని మీదే కూర్చుంటుంది. రెండు రింగుల మధ్య బిగువు నిలవదు. స్లోలో ఏమీ కాదు, రేస్ చేయగానే ఆయిల్ చిమ్ముకుంటూ పోతుంది. విప్పిన ఫిల్టరు అంచు మీద రింగు ఉందో లేదో వేలితో తడిమి చూడటం రెండు సెకన్ల పని. మరలు కలిసి, సైజు కలిసినంత మాత్రాన ఫిల్టరు సరైనది కాదు. లోపల సాధారణంగా రెండు కవాటాలుంటాయి. ఇంజను ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది ఒకటి. కాగితం మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపేది ఇంకొకటి. మొదటిది లేని నాసిరకం ఫిల్టరు రాత్రికి ఖాళీ అయిపోయి, ప్రతి పొద్దునా లైటు కొన్ని సెకన్లు ఎక్కువసేపు వెలుగుతుంది, ఆ తర్వాత అంతా మామూలే. ఈ గుర్తు కనిపిస్తే బేరింగుల దాకా పోనక్కరలేదు. ఫిల్టరు మార్చిన మొదటిసారి మాత్రం ఏ బండిలోనైనా ఖాళీ ఫిల్టరు నిండటానికి కొన్ని సెకన్లు పడుతుంది. డీజిలు ట్రాక్టరులో స్టాపరు లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టి, ముల్లు కదిలాక స్టాపరు వదిలితే ఆ కొన్ని సెకన్ల పొడి రాపిడి కూడా తప్పుతుంది. పది సెకన్లు దాటినా ముల్లు లేవకపోతే ఇంజను ఆపేయాలి. పంపు గాలి పట్టి ఉండవచ్చు.

పోసిన ఆయిల్ ఏది అన్నది తర్వాతి ప్రశ్న. ట్రాక్టరు ఉన్న ఇంట్లో ఇంజను ఆయిల్ బకెట్టు, గేరుబాక్సు–హైడ్రాలిక్ ఆయిల్ బకెట్టు పక్కపక్కనే ఉంటాయి, రంగులోనూ పెద్ద తేడా ఉండదు. హైడ్రాలిక్ నూనె 46 రకం 100 డిగ్రీల దగ్గర ఏడు సెంటీస్టోకుల దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే 40 గ్రేడు ఇంజను ఆయిల్‌లో సగం. అది ఇంజనులో పడితే వేడెక్కాక ముల్లు సగానికి దిగడం ఖాయం. అరుగుదలను తట్టుకునే రసాయనాలు కూడా అందులో ఇంజనుకు తగ్గట్టు ఉండవు. ఇక సంపు ప్యాకింగుకు బదులు పూసే సిలికాన్ గమ్ము ఎక్కువైతే లోపలికి ఉబికి, ఎండి, ముక్కలై ఆయిల్ పంపు జాలికి అంటుకుంటుంది. ఫ్లషింగు ఆయిల్ పోసి కడిగించిన పాత ఇంజన్లలోనూ ఇదే ప్రమాదం. ఏళ్ళ తరబడి గోడలకు పట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి వచ్చి జాలిని మూసేస్తుంది.

నిజంగా ఏ లోపమూ లేకుండానే సర్వీసింగు తర్వాత రీడింగు కొంత తగ్గే సందర్భమూ ఉంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. డీజిలు ఇంజనులో ఆయిల్ మసి పట్టి క్రమంగా చిక్కబడుతుంది. చాలా ట్రాక్టరు మోడళ్ళలో 250 గంటలకు మార్చమంటారు. దాన్ని దాటించి నడిపిన ఇంజనులోంచి దిగే ఆయిల్ కొత్తప్పటికంటే చిక్కగా ఉండి ముల్లును పైన నిలబెడుతూ వచ్చి ఉండవచ్చు. కొత్త ఆయిల్ పోయగానే ముల్లు దాని అసలు చోటికి వస్తుంది, చూసేవాళ్ళకు పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇంజెక్టరో డీజిలు పంపు సీలో కారి పాత ఆయిల్‌లో డీజిలు కలిసి ఉంటే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. నూటికి అయిదు పాళ్ళు కలిసినా 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడుకు జారవచ్చు. అలాంటి ఇంజనులో ఆయిల్ మార్చగానే ముల్లు లేస్తుంది, గంటలు గడిచేకొద్దీ మళ్ళీ దిగుతుంది, డిప్‌స్టిక్ మీద మట్టం మాత్రం పెరుగుతూ పోతుంది. సర్వీసింగు రోజున ముల్లు దిగిందా లేచిందా అన్నది కూడా సాక్ష్యమే. దింపిన పాత ఆయిల్‌ను వెంటనే పారబోయకుండా ఒక సీసాలో ఉంచితే ఈ విషయం తేలుతుంది. వాసన, జారుడు చూసి అనుభవమున్న మెకానిక్ చాలా చెప్పగలడు.

ఇంతవరకూ చూసినవి సరిగ్గా ఉన్నా ముల్లు లేవకపోతే రీడింగును పరీక్షించాలి. ఎర్ర లైటు స్విచ్చి చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ దాకా, అంటే అయిదారు పౌండ్ల దగ్గర పనిచేస్తుంది. అది వెలిగిందంటే ప్రెషరు కొంచెం తగ్గిందని అర్థం కాదు, దాదాపు లేదని. సాధారణ ఒంటి వైరు స్విచ్చిలో ప్రెషరు లేనప్పుడు వైరు ఇంజను బాడీకి ఎర్త్ అవుతుంది. ఫిల్టరు బిగించే చెయ్యి తగిలి ఆ వైరు ఒరుసుకుపోయి బాడీకి ఆనుకుంటే లైటు ఎప్పుడూ వెలుగుతుంది. వైరు ఊడిపోతే ఎప్పటికీ వెలగదు, ఇది మొదటిదానికంటే ప్రమాదం. అందుకే తాళం తిప్పగానే, ఇంజను స్టార్టు కాకముందు, ఆ లైటు వెలగాలి. స్విచ్చి మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఎర్త్ తెగి రీడింగు తప్పుతుంది. కంప్యూటరుకు కలిపిన మూడు వైర్ల సెన్సారున్న కొత్త బళ్ళలో వైరు పీకి ఎర్త్‌కు తాకించే పాత పరీక్ష చేయకూడదు.

తేల్చి చెప్పేది మాత్రం వైర్లతో పనిలేని గేజి. ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్దాఁ 1849లో పేటెంటు పొందిన వంపు గొట్టం సూత్రమే ఇప్పటికీ దానిది: లోపల ప్రెషరు పెరిగితే చుట్టిన గొట్టం కొద్దిగా విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. సెన్సారును విప్పి దాని స్థానంలో ఈ గేజి గొట్టం బిగించి, ఇంజనుకు పదిహేను ఇరవై నిమిషాలు పని చెప్పి, పూర్తిగా వేడెక్కాక స్లోలోనూ, నిమిషానికి రెండువేల చుట్ల దగ్గరా చదవాలి. మర విషయంలో జాగ్రత్త అవసరం. ఒకటి బై ఎనిమిది అంగుళం మర బ్రిటిషు పద్ధతిలో అంగుళానికి 28 చుట్లు, అమెరికన్ పద్ధతిలో 27. రెండూ మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే అల్యూమినియం హౌసింగు పగులుతుంది. వెయ్యి చుట్లకు పది పౌండ్లు ఉండాలన్న పాత లెక్క ట్రాక్టర్లకూ పాత లారీలకూ దారి చూపిస్తుంది, అంతవరకే. ఇంధనం ఆదా కోసం తక్కువ బరువులో తనంతట తానే ప్రెషరు తగ్గించుకునే పంపులు, 0డబ్ల్యూ20 వంటి పలుచని ఆయిల్‌తో నడిచే కార్లు ఇప్పుడు రోడ్డు మీద చాలా ఉన్నాయి. వాటికి కంపెనీ పుస్తకంలో రాసిన అంకే ప్రమాణం.

ఆ గేజి మీద ముల్లు కదిలే తీరును చదవడంలోనే నిర్ధారణ సారమంతా ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక స్లోలో పడిపోయి, రేస్ చేస్తే మళ్ళీ లేస్తే బేరింగుల ఖాళీనీ, పలచబడ్డ ఆయిల్‌నూ అనుమానించాలి. ఆయిల్ సరైనదని తెలిసి ఉంటే అనుమానం బేరింగుల మీదే మిగులుతుంది. చల్లగానూ వేడిగానూ, ఏ వేగంలోనైనా ఒకేలా తక్కువగా ఉంటే ప్రెషరును అదుపు చేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుని ఉండవచ్చు. ఒక చిన్న లోహపు పొడి చాలు దాని పిస్టనును పట్టేయడానికి. స్టార్టు చేసినప్పుడు బాగుండి, రేస్ చేసి ఉంచితే క్రమంగా జారిపోయి, కాసేపు ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే తిరిగి బాగుంటే జాలి మూసుకుపోతోందని గుర్తు. ఆపినప్పుడు చెత్త కిందికి రాలుతుంది, పీల్పు మొదలవగానే మళ్ళీ అంటుకుంటుంది. ముల్లు వణుకుతుంటే నురగో, పీల్పు గొట్టం అతుకు దగ్గర గాలి చొరబాటో. నేరుగా పెట్టిన గేజి సరిగ్గా ఉండి డ్యాష్‌బోర్డు గేజి తక్కువ చూపిస్తే సెన్సారు, వైరు, ఎర్త్. వీటిలో రెండు ఒకేసారి ఉండవచ్చు; అరిగిన ఇంజనులో నాసిరకం ఫిల్టరు ఉండటం అరుదేమీ కాదు. అయినా ఏది ఎంత అన్నది విప్పకుండానే చాలావరకు తేలుతుంది.

ముందు కొలవాలన్న ఈ పద్ధతికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి సెన్సారే కారణం కాబట్టి ప్రతిసారీ బండి ఆపి గేజి పెట్టడం అనవసరమన్నది. సెన్సార్లు తరచుగా చెడిపోతాయన్న మాట నిజమే. కానీ సెన్సారు ఖరీదు వందల్లో, సీజయిన ఇంజను బాగుచేయించే ఖర్చు పదుల వేలల్లో. ఇంత తేడా ఉన్నప్పుడు పదిలో తొమ్మిదిసార్లు సెన్సారే అయినా, పదోసారి నష్టం మిగతా తొమ్మిదింటి మిగులునూ మింగేస్తుంది. పైగా గేజి పెట్టడానికి సెన్సారును ఎలాగూ విప్పుతాం. మార్చడానికీ అదే శ్రమ. లైటు వెలిగినా, ముల్లు సున్నాకు దగ్గరైనా ఇంజను ఆపి, కొలిచేదాకా మళ్ళీ స్టార్టు చేయకపోవడం ఒక్కటే లెక్కకు నిలిచే పద్ధతి. రెండో అభ్యంతరం సీజనులో అంత తీరిక ఎక్కడిదన్నది. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. క్యూలో నిలబడ్డ చెరకు ఎండేకొద్దీ తూకం పోతుంది, చక్కెర కూడా తగ్గుతుంది. అయితే మట్టం చూసి, ఫిల్టరు రింగు తడిమి, గేజి పెట్టి వేడి మీద చదవడానికి పట్టేది ఒక పూట కంటే తక్కువే. లోడుతో రోడ్డు మీద ఇంజను పట్టేస్తే పోయేది వారాలు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే ఆకర్షణీయంగా ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే, లేదా ఆయిల్‌ను చిక్కబరిచే డబ్బా ఒకటి కలిపితే ముల్లు లేస్తుంది కదా, ఇంకేం కావాలి అని. ముల్లు లేస్తుంది, అందులో అనుమానం లేదు. ప్రెషరు అంటే కారడానికి ఉన్న అడ్డంకి కాబట్టి, చిక్కదనం పెంచితే అడ్డంకి పెరిగి అంకె పెరుగుతుంది. బేరింగుకు అందే ఆయిల్ మాత్రం దానితోపాటు పెరగదు. జాలి సగం మూసుకున్న ఇంజనులో చిక్కటి ఆయిల్ పీల్పును ఇంకా కష్టం చేస్తుంది. చలి పొద్దున స్టార్టు చేసినప్పుడు పై భాగాలకు, టర్బో ఉంటే దానికి, ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. అరిగిపోయిన పాత ఇంజనును ఈ సీజను గట్టెక్కించడానికి, కారణం అరుగుదలే అని కొలిచి తెలుసుకున్నాక, పుస్తకం అనుమతించిన వాటిలో ఒక గ్రేడు చిక్కనిది వాడటాన్ని తప్పుపట్టలేం. 20డబ్ల్యూ40, 20డబ్ల్యూ50 వంటివి మన ఎండలకు పనికిరానివేమీ కాదు. కొలవకుండా పోసినప్పుడు మాత్రం అది లోపాన్ని కప్పిపెట్టి, దాన్ని చూపించే ఒకే ఒక్క గుర్తును చెరిపేస్తుంది.

నేరుగా పెట్టిన గేజి కూడా తక్కువే చూపించి, ఆయిల్, ఫిల్టరు, రిలీఫ్ వాల్వు సరిగ్గా ఉన్నాయని తేలితే సంపు దించక తప్పదు. దానికి ముందు తీసేసిన ఫిల్టరును కోసి చూడటం మంచిది. రంపంతో కోస్తే రంపపు పొడి కాగితంలో పడి సాక్ష్యాన్ని కలుషితం చేస్తుంది. గుండ్రంగా తిరిగే కట్టరుతో మూత ఊడదీయాలి. కాగితం మడతలను విప్పి, పిండి, వెలుతురులో పరిస్తే ఇంజను లోపలి సంగతి కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము: క్రాంకు, గేర్లు, రింగులు. అంటుకోని బూడిద రంగు మెరుపు బేరింగు పైపూత, లేదా పిస్టను అల్యూమినియం. రాగి రంగు కనిపిస్తే బేరింగు పైపూత అరిగి లోపలి పొర బయటపడింది, లేదా ఏదో బుష్షు పోతోంది. నల్లటి సిలికాన్ ముక్కలుంటే జవాబు జాలి దగ్గరే ఉంది, క్రాంకు జోలికి పోనక్కరలేదు.

క్రాంకు దాకా వెళ్ళవలసి వస్తే ఉయ్యూరు ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. 1960ల్లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్ గంట దూరంలోనే ఉంది. లేతు పని, క్రాంకు గ్రైండింగు, లైను బోరింగు, పంపులు, విడిభాగాలు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. జర్నళ్ళను మైక్రోమీటరుతో కొలిచి, అరుగుదలను బట్టి పది, ఇరవై, ముప్ఫై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మెట్లలో గ్రైండు చేసి దానికి సరిపడే బేరింగులు వేస్తారు. ఈ దశలో ఎక్కువగా దాటవేసేది ఆయిల్ దారులను శుభ్రం చేయడం. గ్రైండింగు పొడి క్రాంకు లోపలి రంధ్రాల్లో చేరుతుంది. ఆ దారుల బిరడాలు విప్పి, బ్రష్షుతో, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టకపోతే కొత్త బేరింగులు మొదటి గంటలోనే గీతలు పడతాయి. పాత ఆయిల్ పంపు గేర్లకూ దాని మూతకూ మధ్య ఖాళీని ఫీలర్ గేజితో కొలిచి చూడాలి, ఆయిల్ కూలరు ఉంటే దాన్ని కడగడం కంటే మార్చడమే మేలు, ఎందుకంటే పట్టేసిన బేరింగు పొడి దాని సన్నని గొట్టాల్లో దాక్కుంటుంది. బిగించాక అదే గేజితో, అదే వేడి దగ్గర, అవే రెండు వేగాల్లో చదివిన అంకెలను అవర్ మీటరు గంటలతోపాటు సర్వీసు కార్డు మీద రాసి ఉంచితే, తర్వాతి ఆయిల్ మార్పు నాటికి పోల్చి చూడటానికి ఆ బండికే సొంతమైన కొలమానం సిద్ధంగా ఉంటుంది.